ఎక్కడివక్కడే ఉండిపోయిన సముద్రపు అడుగు

కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉంది. ఆ దీవిలోని అవలాన్ ద్వీపకల్పానికి ఆగ్నేయ మూలన, అట్లాంటిక్ అలలు కొట్టే రాతి మొన పేరు మిస్టేకెన్ పాయింట్. ఆ చుట్టుపక్కల తీరంలోని రాతిపలకల మీద పదివేలకు పైగా శిలాజాలున్నాయి. వాటిలో ఒక్క ఎముక లేదు, పెంకు లేదు, పన్ను లేదు. కన్నూ నోరూ ఉన్న జాడ కూడా లేదు. అన్నీ మెత్తని ఒంటి జీవులు బురదలో వదిలిన ముద్రలే. కొన్ని మూడు నాలుగు సెంటీమీటర్లు, కొన్ని దాదాపు 2 మీటర్లు. వయసు 58 కోట్ల నుంచి 56 కోట్ల సంవత్సరాల మధ్య. డైనోసార్లు పుట్టడానికి అప్పటికి ఇంకా 30 కోట్ల ఏళ్లకు పైగా ఉంది. నేల మీద చెట్టు లేదు, సముద్రంలో చేప లేదు.

ఒంటి పరిమాణంలోనూ నిర్మాణంలోనూ సూక్ష్మజీవులను దాటి ఎదిగిన ప్రాణుల శిలాజ సముదాయాల్లో అతి పాతవి ఇక్కడివేనని యునెస్కో 2016లో ఈ 17 కిలోమీటర్ల తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాతదనం ఒక్కటే అయితే ఈ చోటు గురించి ఇంత చెప్పుకోవలసిన పని లేదు. ఆ జీవులు ఎక్కడ బతికాయో అక్కడే చచ్చాయి, చచ్చినచోటే రాయిలో మిగిలాయి. ఏది ఏ దాని పక్కన ఉండేదో, ఎంత దూరంలో ఉండేదో, ప్రవాహం ఎటు సాగితే అవి ఎటు ఒరిగాయో ఈనాటికీ కొలవచ్చు. మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్న శిలాజానికి ఆ ఇరుగుపొరుగు ఉండదు.

ఆ తీరానికి పొగమంచు ఎక్కువ. పూర్వం ఓడల వాళ్లు మంచులో ఈ మొనను చూసి, కొంచెం అవతల ఉన్న కేప్ రేస్ అనుకుని ఓడ తిప్పి, రాళ్లకు గుద్దుకునేవారు. పేరు అలా వచ్చింది. 1912 ఏప్రిల్‌లో మునిగిపోతున్న టైటానిక్ పంపిన వైర్‌లెస్ సందేశాలు అందుకున్నది ఆ కేప్ రేస్ స్టేషనే. శిలాజాల సంగతి ఎవరూ ఎరగని రోజుల్లో ఈ ప్రాంతానికి ఉన్న పేరంతా ఓడలదీ ప్రమాదాలదీ.

ఈ రాళ్లు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే డార్విన్‌ను వేధించిన ఒక చిక్కు దగ్గరికి వెళ్లాలి. 1859లో తన పరిణామ సిద్ధాంతాన్ని పుస్తకంగా వేసినప్పుడే ఆయన ఆ చిక్కును దాచకుండా చెప్పుకున్నాడు. ట్రైలోబైట్ల వంటి ప్రాణులున్న రాతిపొరలు దిగువకు పోగా పోగా ఒక్కసారిగా ఖాళీ అయిపోతున్నాయి. కళ్లు, కాళ్లు, కవచం ఉన్న జీవి ఉన్నట్టుండి ఊడిపడదు కదా. దాని పూర్వీకులు ఎక్కడ? ఇప్పుడు మనం కేంబ్రియన్ అంటున్న యుగం సుమారు 53.9 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. దానికి ముందున్న కాలమంతా, అంటే భూమి వయసులో ఎనిమిదింట ఏడు వంతులు, వందేళ్ల పాటు పాఠ్యపుస్తకాల్లో ప్రాణం జాడ లేని కాలంగానే ఉండిపోయింది.

నిజానికి ప్రాణం ఉంది. మన కడప జిల్లా వేంపల్లె పేరుతో భూగర్భశాస్త్రవేత్తలు పిలిచే రాతిపొరల్లోనే దానికి సాక్ష్యం ఉంది. 180 కోట్ల ఏళ్లకు పైబడిన ఆ డోలమైట్ రాళ్లలో గోపురాల్లాంటి పొరల మడతలు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమాటోలైట్లు అంటారు. లోతు తక్కువ సముద్రంలో సయనోబాక్టీరియా చాపలా పరుచుకుని, దాని మీద సన్నని మట్టి చేరి, మళ్లీ దాని మీదికి బాక్టీరియా పాకి, అలా పొర మీద పొర పేరుకుని అవి ఏర్పడ్డాయి. భూమి మీద ప్రాణం తన చరిత్రలో అత్యధిక భాగం ఇలాగే గడిపింది. బాక్టీరియా, పాచి, జిగురు పొరలు. జంతువు అనదగినది మాత్రం ఆ రాళ్లలో లేదు. ఆ దశకూ ట్రైలోబైట్లకూ నడుమ ఏం జరిగిందన్నదే డార్విన్ చిక్కు.

జవాబు కళ్ల ఎదుట ఉన్నా చూడని సందర్భాలు ఒకటి కాదు. 1872లో ఎల్కానా బిలింగ్స్ అనే శాస్త్రవేత్త ఇదే న్యూఫౌండ్‌లాండ్ రాజధాని సెయింట్ జాన్స్ పట్టణంలో దొరికిన గుండ్రని ముద్రలకు ఆస్పిడెల్లా అని పేరుపెట్టాడు. అవి రాయిలో గాలిబుడగలు పగిలిన గుర్తులనీ, ఖనిజపు ముద్దలనీ చాలామంది కొట్టిపారేశారు. 1946లో ఆస్ట్రేలియాలోని ఈడియాకరా కొండల్లో రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భశాస్త్రవేత్తకు మెత్తని జీవుల ముద్రలు కనిపించాయి. వాటినీ మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అవి కేంబ్రియన్ నాటివేలెమ్మనుకున్నారు.

ఇంగ్లండ్‌లో జరిగింది మరీ విచిత్రం. 1956లో టీనా నీగస్ అనే 15 ఏళ్ల అమ్మాయి చార్న్‌వుడ్ అడవిలోని రాతిమీద ఆకులాంటి ముద్ర చూసింది. బడికి వెళ్లి టీచరుకు చెప్పింది. ఆ రాళ్లు కేంబ్రియన్ కంటే పాతవి, అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవు, కాబట్టి నువ్వు చూసింది శిలాజం కాదు అన్నది ఆమెకు దొరికిన జవాబు. మరుసటి ఏడు రోజర్ మేసన్ అనే కుర్రాడు తన మిత్రులతో రాళ్లెక్కుతూ అదే ముద్రను చూశాడు. అతడి మాట ట్రెవర్ ఫోర్డ్ అనే శాస్త్రవేత్త చెవిన పడింది. 1958లో దానికి చార్నియా మేసోని అన్న పేరు వచ్చింది. ఆ ముద్రను రాతి నుంచి తొలిచి లెస్టర్ మ్యూజియంకు తరలించారు. ‘ఉండవు’ అన్న నమ్మకం ఎంత గట్టిదంటే, ఉన్నదాన్ని చూసినవాళ్లే తాము చూసింది తప్పనుకోవలసి వచ్చింది.

ఇక 1967 జూన్. సెయింట్ జాన్స్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న శివ బాలక్ మిశ్రా అనే భారతీయ విద్యార్థి బిస్కే బే నుంచి కేప్ రేస్ దాకా తీరం వెంట రాళ్ల పటం గీస్తున్నాడు. ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లెలో పుట్టి, చదువు కోసం అంత దూరం వెళ్లినవాడు. ఏ పొర కింద ఏ పొర ఉంది, ఏది ఎటు వంగింది అని నమోదు చేయడమే అతడి పని. మిస్టేకెన్ పాయింట్ దగ్గర పలకల నిండా వందలాది ఆకారాలు కనిపించాయి. కదురులా రెండు కొసలా సన్నబడినవి, ఆకులాంటివి, గుండ్రనివి, కొమ్మలు కొమ్మలుగా చీలినవి. 1968లో మిశ్రా, అక్కడి అధ్యాపకుడు ఎం.ఎం. ఆండర్సన్ కలిసి ‘నేచర్’ పత్రికలో ఆ సంగతి ప్రకటించారు. తర్వాతి మూడేళ్లలో మిశ్రా ఒక్కడే మరో రెండు వ్యాసాలు రాశాడు. శిలాజాల ఆకారాల మీద ఒకటి, ఆ పొరలు ఏర్పడిన తీరు మీద ఒకటి.

ఆ తర్వాత మిశ్రా స్వదేశానికి వచ్చేశాడు. 1972లో భార్య నిర్మలతో కలిసి లక్నో దగ్గరి కునౌరా గ్రామంలో పల్లె పిల్లల కోసం బడి పెట్టాడు. న్యూఫౌండ్‌లాండ్‌లో అతడు చూసిన కదురు జీవికి మాత్రం నలభై ఏళ్ల పాటు అధికారికంగా పేరే లేదు. పరిశోధకులు దాన్ని ఆకారాన్ని బట్టి ఏదో ఒక ముద్దుపేరుతో పిలుచుకుంటూ వచ్చారు. 2007లో జేమ్స్ గేలింగ్, గై నార్బోన్ దాన్ని వివరంగా వర్ణించి ఫ్రాక్టోఫ్యూసస్ మిస్రాయ్ అని పేరుపెట్టారు. పొట్టిగా, కోలగా ఉన్న దాని సోదర జాతికి ఆండర్సన్ పేరు ఇచ్చారు.

మెత్తని జీవి చచ్చిపోతే కుళ్లిపోవాలి. ఇక్కడ ముద్ర ఎలా మిగిలింది? ఆ కాలంలో అవలాన్ రాళ్లు ఇప్పుడున్న చోట లేవు. దక్షిణార్ధగోళంలో, నిప్పులు కక్కే అగ్నిపర్వతాల దీవుల వరుస పక్కన, లోతైన సముద్రపు అడుగున ఉండేవి. వాలు మీది నుంచి బురద కలిసిన నీరు అప్పుడప్పుడు జారివచ్చి సన్నని పొరలుగా పేరుకునేది. ఆ పొర మీద సూక్ష్మజీవుల జిగురు చాప అల్లుకునేది. దాని మీద ఈ జీవులు పెరిగేవి. ఎక్కడో ఒక అగ్నిపర్వతం పేలగానే బూడిద నీటిలోకి దిగి వాటన్నిటినీ ఉన్నపళాన కప్పేసేది. బూడిద బరువుకు కొన్ని జీవులు కిందికి నొక్కుకుపోయేవి. ఒళ్లు కుళ్లిపోయేలోపే పై పొర ఆకారం పట్టేది, ఒళ్లు కుళ్లాక మిగిలిన ఖాళీలోకి కింది మెత్తని బురద పొంగేది. కోట్ల ఏళ్లకు బురద గట్టి రాయైంది. మీది బూడిద పొర అంతకంటే మెత్తన. ఇప్పుడు అలలూ వానా మంచూ ఆ బూడిదను మెల్లగా గీకేస్తుంటే కింది పలక బయటపడుతోంది. వందకు పైగా పొరల మీద ఇలాంటి ముద్రలున్నాయి.

బూడిద చేసిన మేలు మరొకటుంది. అందులో జిర్కాన్ అనే గింజలుంటాయి. ఆ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. లోపలి యురేనియం కాలక్రమేణా సీసంగా మారుతుంది. యురేనియం-238 సగం తరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి గింజలో ఎంత సీసం చేరిందో కొలిస్తే అగ్నిపర్వతం ఎప్పుడు పేలిందో తేలుతుంది. శిలాజాలకు అంటుకుని ఉన్న బూడిదే గడియారం కావడం వల్ల ఈ చోట తేదీల మీద పెద్ద గొడవ లేదు. ఎక్కువ రకాలు కనిపించే ‘ఇ’ అనే పలక వయసు 56.5 కోట్ల ఏళ్లు. ఇంకా దిగువన డ్రూక్ అనే పొరల్లో ఉన్నవి 57 కోట్ల ఏళ్లు దాటినవి. రెండు మీటర్ల పొడవు ఆకులాంటి జీవి దొరికింది ఈ పాత పొరల్లోనే. తొలి పెద్ద ప్రాణి చిన్నదిగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. రాయి ఆ మాటకు ఒప్పుకోదు.

ఇంతకీ ఆ జీవుల రూపం ఏమిటి? వాటిలో ఎక్కువ భాగం రేంజియోమార్ఫ్‌లు అనే తెగకు చెందినవి. నడిమి ఈనె నుంచి కొమ్మలు వస్తాయి. ఆ కొమ్మ నుంచి అదే తీరులో చిన్న కొమ్మలు, వాటి నుంచి ఇంకా చిన్నవి. ఎంత దగ్గరగా చూసినా అదే అల్లిక. కొన్ని జీవులు అడుగున బిళ్ల పాతుకుని కాడ మీద నిలబడేవి. కొన్ని పొదలా గుబురుగా ఉండేవి. ఫ్రాక్టోఫ్యూసస్‌కు కాడా లేదు, వేరూ లేదు. బురద మీద వెల్లకిలా పరుచుకుని ఉండేది. థెక్టార్డిస్ అనే మరో జీవి త్రికోణంలా కనిపిస్తుంది. అది స్పాంజ్ అయి ఉండవచ్చునని కొందరి ఊహ.

ఆకులా ఉన్నాయి కదా అని మొక్కలనుకోవడానికి వీల్లేదు. అవి బతికిన లోతుకు సూర్యకాంతి చేరదు. కాంతి లేనిచోట ఏ ఆకూ తన తిండి తాను వండుకోలేదు. నోరు లేదు, పేగు లేదు. మరి తిన్నదేమిటి? నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని ఒంటి చర్మంతోనే పీల్చుకునేవని ఒక వాదన. కొమ్మకు కొమ్మ చీలే ఆ అల్లిక వల్ల చర్మం వైశాల్యం విపరీతంగా పెరుగుతుంది, అందుకే ఆ రూపం అంటారు ఆ వాదులు. అంత పెద్ద ఒంటికి ఆ తిండి చాలదనీ, నీటిలోని సన్నని తునకలను వడకట్టి తినేవనీ మరికొందరి వాదన. ఈ తగాదా ఇంకా తెగలేదు.

మిస్టేకెన్ పాయింట్ అసలు బలం తెలిసేది ఇక్కడి నుంచే. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎమిలీ మిచెల్, ఆమె సహచరులు ఒక్కొక్క ఫ్రాక్టోఫ్యూసస్‌ను చూసి ఊరుకోలేదు. పలక మీద ఏది ఎక్కడుందో కచ్చితమైన జీపీఎస్‌తో గుర్తించి, వాటి మధ్య దూరాలను గణితానికి అప్పగించారు. పెద్దవి పలకంతా అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉన్నాయి. మధ్యరకం వాటి చుట్టూ గుమికూడాయి. చిన్నవి ఆ మధ్యరకం చుట్టూ చేరాయి. అవ్వలు, అమ్మలు, పిల్లలు అన్నమాట. 2015లో ‘నేచర్’లో వచ్చిన ఆ వ్యాసం చెప్పేదేమంటే, మొదటి తరం నీటిలో కొట్టుకొచ్చిన బీజాల నుంచి మొలిచింది. తర్వాతి తరాలు, గరిక నేల మీద పాకుతూ కణుపు కణుపు దగ్గర కొత్త మొక్క వేసినట్టు, తల్లి నుంచి సాగిన తీగల ద్వారా పుట్టాయి. ఒకే జీవి, పిల్లల్ని కనడానికి రెండు పద్ధతులు. 56 కోట్ల ఏళ్ల కిందటి జీవి సంతానం గురించి ఇంత తెలియడానికి ఆధారం దాని ఒళ్లు కాదు, దాని చిరునామా. ఒక్కొక్క ముద్రనూ తొలిచి ఒక్కొక్క మ్యూజియంకు పంపి ఉంటే ఈ లెక్క కుదిరేది కాదు.

2020లో అలెగ్జాండర్ లియు, ఫ్రాన్సెస్ డన్ మరో వింత బయటపెట్టారు. తూర్పు న్యూఫౌండ్‌లాండ్ పలకల మీద ఆకు జీవుల అడుగు నుంచి సన్నని దారాలు సాగి ఉన్నాయి. ఎక్కువ భాగం జానెడు మూరెడు పొడవే. కొన్ని మాత్రం 4 మీటర్ల దాకా పోయాయి. కొన్నిచోట్ల ఒక జీవిని మరొక దానితో కలుపుతున్నాయి. సంతానం కోసమా, పట్టు కోసమా, తిండి పంచుకోవడానికా అన్నది చర్చలో ఉంది. విడివిడి ప్రాణులనుకున్నవి కొన్ని కలిసికట్టు కాపురాలు కావచ్చునన్న అనుమానం మాత్రం బలపడింది.

ఉన్నచోటు చెప్పే సంగతులు ఇంకా ఉన్నాయి. నిలువుగా పెరిగే చార్నియోడిస్కస్ లాంటివి పలక మీద అన్నీ ఒకే దిక్కుకు పడి ఉంటే, ఆనాటి ప్రవాహం దిశ తెలుస్తుంది. కొన్ని పలకల మీద ఎగుడుదిగుడు బిళ్లలు కనిపించేవి. చాలాకాలం వాటిని వేరే జీవులుగానే లెక్కించారు. తర్వాత తేలిందేమంటే అవి బూడిద పడేనాటికే చచ్చి సగం కుళ్లిన ఆకు జీవుల అవశేషాలు. బతికున్నవీ చచ్చినవీ పక్కపక్కనే ఉండటం వల్లే ఆ పోలిక దొరికింది.

రాయి అబద్ధం కూడా ఆడుతుంది. తర్వాతి కాలంలో ఖండాల ఒత్తిడికి ఈ పొరలు నలిగి సాగిపోయాయి. సాగిన రాయి మీద పొట్టి జీవి పొడుగ్గా, వెడల్పైనది సన్నగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు ఆకు జీవుల అడుగున ఉన్న బిళ్లల్లో దొరికింది. బతికున్నప్పుడు అవి గుండ్రంగా ఉండేవని తెలుసు. ఇప్పుడు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. ఎంత కోలగా మారాయో కొలిస్తే రాయి ఎటు ఎంత సాగిందో తెలుస్తుంది. ఆ లెక్కతో ప్రతి శిలాజాన్నీ కంప్యూటర్ మీద తిరిగి అసలు రూపానికి తెస్తారు. అలా సరిచేయకుండా కొలతలు తీసుకుంటే ఒకే జాతిని రెండు జాతులుగా పొరబడే ప్రమాదం ఉంది.

వీటిలో ఏదీ కదలలేదా? 2010లో లియు, డంకన్ మెకిల్‌రాయ్, మార్టిన్ బ్రేజియర్ ఒక పలక మీద 70 దాకా గీతలు చూపించారు. ఏదో ప్రాణి బురద మీద తనను తాను ఈడ్చుకుంటూ పోయిన జాడలు. ఈనాటి సముద్రపు అనిమోనీలు కదిలినప్పుడు వదిలే జాడలతో అవి సరిపోలాయి. 56.5 కోట్ల ఏళ్ల నాటి ఆ గీతలు ప్రాణి తనంతట తాను కదిలిందనడానికి ఉన్న అతి పాత ఆధారాల్లో ఒకటి. కండరం లాంటిది ఉంటే తప్ప అలా కదలడం కష్టం. కండరమున్నది జంతువే.

ఆకు జీవులు కూడా జంతువులేనా అన్నది మాత్రం వేరే ప్రశ్న. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ సైలాకర్ ఇవి జంతువులూ కావు మొక్కలూ కావు, ప్రకృతి చేసి వదిలేసిన మరో ప్రయోగం అన్నాడు. ఈ మాటకు చాలాకాలం మంచి పలుకుబడి ఉండేది. 2018లో రష్యా తెల్లసముద్ర తీరంలో దొరికిన డికిన్సోనియా అనే అదే కాలపు జీవి అవశేషాల్లో కొలెస్టరాల్ అణువుల గుర్తులు కనిపించడంతో, అదైనా జంతువేనని తేలింది. 2021లో డన్ బృందం చార్నియా పెరిగిన క్రమాన్ని పరిశీలించి అది కూడా జంతువుల వంశవృక్షంలోనే, తొలినాళ్లలో చీలిపోయిన ఒక కొమ్మ అని వాదించింది. గాలి ఇప్పుడు అటే వీస్తోంది.

ఇలాంటి ముద్రలను గుర్తుపట్టడం ఎంత కష్టమో మన దేశంలోనే ఒక ఉదంతం ఉంది. మధ్యప్రదేశ్‌లోని భీంబెట్కా గుహ పైకప్పు మీద డికిన్సోనియా శిలాజం కనిపించిందని 2021లో ఒక అంతర్జాతీయ బృందం ప్రకటించింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. మరో బృందం వెళ్లి చూసేసరికి ఆ ‘శిలాజం’ రాలిపోతోంది. అది పాత తేనెపట్టు అంటుకుని మిగిలిన మరక. 2023లో ఆ సంగతి అచ్చయింది. మొదటి బృందానికి నాయకత్వం వహించిన శాస్త్రవేత్త కూడా దాన్ని ఒప్పుకున్నాడు. ఒక్కటే ముద్ర, ఎత్తున, చేతికందని చోట ఉంటే ఇలాగే ఉంటుంది. వేల ముద్రలు పక్కపక్కన ఉన్నచోట ఇలాంటి పొరపాటు నిలబడదు.

ప్రాణం మూడు వందల కోట్ల ఏళ్లు సూక్ష్మంగా గడిపి అప్పుడే ఎందుకు పెరిగింది? ఒక ఆధారం అవలాన్ ద్వీపకల్పంలోనే ఉంది. సెయింట్ మేరీస్ అఖాతం ఒడ్డున గాస్కియర్స్ అనే చోట 58 కోట్ల ఏళ్ల నాటి హిమయుగపు రాళ్లున్నాయి. హిమనదాలు తెచ్చి పడేసిన గులకలు వాటిలో కనిపిస్తాయి. తొలి పెద్ద శిలాజాలు ఆ మంచు పొరలకు పైనే మొదలవుతాయి. ఆ రాళ్లలోని ఇనుము రూపాలను పరీక్షించిన డొనాల్డ్ కాన్‌ఫీల్డ్, సైమన్ పూల్టన్, నార్బోన్ 2007లో ఒక మాట చెప్పారు. మంచు కరిగాక లోతు సముద్రంలోకి ఆక్సిజన్ చేరింది, అంతకుముందు అక్కడ అది లేదు. పెద్ద ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి లెక్క కుదురుతుంది. అయితే ఆక్సిజన్ ఒక్కటే చాలునా అంటే అందరూ తల ఊపరు. తలుపు తెరుచుకోవడం వేరు, లోపలికి అడుగు పెట్టడం వేరు.

ఈ జీవుల కాలానికి 2004లో ఆస్ట్రేలియా కొండల పేరు మీద ఈడియాకరన్ యుగం అన్న పేరు ఖరారైంది. ఆ యుగం ముగిసేసరికి ఆకు జీవులు కనుమరుగయ్యాయి. న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరంలో, బ్యూరిన్ ద్వీపకల్పం మీద ఫార్చ్యూన్ హెడ్ అనే చోట ఆ ముగింపు గీత రాతిలో ఉంది. కేంబ్రియన్ యుగం మొదలైన చోటుగా ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణం అదే. 1992లో నిర్ణయించారు. ఆ గీత దగ్గర పొరల్లోకి నిలువునా తవ్వుకుపోయిన బొరియల జాడలు మొదలవుతాయి. జిగురు చాప పరిచి ప్రశాంతంగా ఉన్న సముద్రపు అడుగును పురుగులు తవ్వి తిరగేయడం మొదలుపెట్టాక, ఆ చాప మీద ఆనుకుని బతికేవాటికి చోటు లేకుండా పోయిందన్నది ఒక బలమైన ఊహ. బూడిద పడినా అలాంటి అడుగు మీద మెత్తని ముద్ర నిలవదు. కేంబ్రియన్ తర్వాత ఇలాంటి పలకలు అరుదు కావడానికి అదీ ఒక కారణం.

మిస్టేకెన్ పాయింట్‌ను 1987లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి శిలాజాన్ని తీయడం చట్టరీత్యా నేరం. పరిశోధకులకు కూడా అనుమతి కావాలి. వాళ్లు పలక మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీసుకుని, దాని నుంచి నకలు చేసుకుని ప్రయోగశాలలో చూస్తారు. లేదంటే లేజర్‌తో స్కాన్ చేస్తారు. బూడిదను గీకి శిలాజాన్ని చూపించే అలలే చివరికి శిలాజాన్నీ గీకేస్తాయి. అందుకని ఈనాటి స్కాన్లు ఒక దస్తావేజు కూడా. 1992లో కాడ్ చేపల వేట మీద నిషేధం వచ్చి న్యూఫౌండ్‌లాండ్ తీరపు పల్లెల బతుకు తలకిందులైంది. పక్కనున్న పోర్చుగల్ కోవ్ సౌత్ ఊరికి ఈ రాళ్ల వల్లే ఇప్పుడు కొంత సందడి. శిలాజాల ప్రదర్శనశాల అక్కడే ఉంది, యాత్రలూ అక్కడి నుంచే బయలుదేరతాయి.

సెయింట్ జాన్స్ నుంచి ఆ ఊరికి కారులో సుమారు రెండు గంటలు. గైడు లేకుండా పలకల దగ్గరికి వెళ్లనివ్వరు. మే నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకానే యాత్రలు. కారు దిగాక బంజరు నేల మీద 3 కిలోమీటర్ల చిల్లర నడక, తిరిగి రావడానికి అంతే. పలక ఎక్కేముందు చెప్పులూ బూట్లూ విప్పి మేజోళ్లతో నడవాలి. ఎండ నడినెత్తిన ఉంటే ముద్రలు చదునుగా, రాయిలో రాయిలా కలిసిపోతాయి. పొద్దు వాలి వెలుగు ఏటవాలుగా పడినప్పుడే గట్ల వెంట సన్నని నీడలు లేచి కొమ్మకు కొమ్మ విడిగా తెలుస్తుంది. వెళ్లేవాళ్లు మధ్యాహ్నం తర్వాత యాత్రకే పేరు రాయించుకోవడం మేలు. వేసవి అయినా చలికోటు ఉండాల్సిందే.